తిత్లీ తుఫాను తర్వాత మీ ఇంట్లో మొదట లేచిందెవరు?

ఉద్దానం కుర్రోడు | 9 ఆగస్టు 2025, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. ఊరి పేరు వద్దులెండి, చెప్తే మా నాన్న ఎవరో సగం మందికి తెలిసిపోతుంది.

పోయిన మంగళవారం మా కొత్త తోటలో మొదటి దింపు అయ్యింది. 2019 వానాకాలంలో వేసిన మొక్కలు. 64 చెట్లలో కాపుకొచ్చినవి 23, కాయలు 310. లెక్కలోకి వచ్చే పంట కాదు గానీ ఈ ఏడు కొబ్బరి ధర పుణ్యమా అని కూలి పోను నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ రాత్రి నాన్న నా చేత కాగితం మీద పేర్లు రాయించారు. పదకొండు మంది. "వీళ్ళని భోజనానికి పిలవాలి" అన్నారు. పదకొండు మందిలో నలుగురే చుట్టాలు. ఒకరితో మాకు పదేళ్ళుగా మాటల్లేవు, గట్టు తగాదా. ఒకరి పేరు నాన్నకే తెలీదు, "జనరేటరు బాబు" అని రాయమన్నారు. ఇంకొకరు "కడప నించి వచ్చిన లైన్‌మేన్, పొడుగ్గా ఉంటాడు". అంతే.

వీళ్ళెవరు నాన్నా అంటే, "తిత్లీ అప్పుడు నన్ను లేపినోళ్ళు" అన్నారు.

2018 అక్టోబరు 10 రాత్రి మొదలై, 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, మధ్యలో 165 దాకా విసురు. తిత్లీ అంటే సీతాకోకచిలుకట, పాకిస్తాన్ పెట్టిన పేరు. ఇంకో పేరే దొరకలేదా వీళ్ళకి అనుకున్నాను.

నేనప్పుడు విశాఖలో చదువుకుంటున్నాను. ఫోన్లు పని చెయ్యలేదు. మూడో రోజు సోంపేట దాకా ఏదో బండి దొరికింది, అక్కణ్ణించి పడిపోయిన చెట్ల మీద నుంచి ఎక్కి దిగుతూ నడక. మా 140 చెట్లలో 112 నేల మీద ఉన్నాయి. నాన్న ఒక మాను మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి "వచ్చావా" అని కూడా అనలేదు. నాలుగు రోజులు అంతే, పిలిస్తే అన్నం తినేవారు, మళ్ళీ వెళ్ళి కూర్చునేవారు.

మా ఇంట్లో మొదట లేచింది నాన్నమ్మ. 74 ఏళ్ళు. "సెట్టు పడిపోతే పడిపోనాది, కాయలేటి పాపం సేసినాయిరా, అవీ కుళ్ళిపోవాల?" అని కత్తి పట్టుకుని గెలలు కొయ్యడం మొదలుపెట్టింది. ముదురు కాయలు ఒక కుప్ప, లేతవి ఒక కుప్ప. ఆవిడ వంగితే చూడలేక నేను, నన్ను చూసి మా చెల్లి. అలా మొదలైంది. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది, ఈ దింపు చూడలేదు.

నేను అడిగేది ఒకటే. తిత్లీయే కానక్కర్లేదు, హుద్‌హుద్ కావచ్చు, వరద కావచ్చు, ఇంట్లో కష్టం కావచ్చు. మీ ఇంట్లో మొదట ఎవరు లేచారు? మొదట చేసిన పని ఏమిటి?

---

కాశీబుగ్గ అమ్మాయి | 9 ఆగస్టు, రాత్రి 10:02

మా అమ్మ. పెద్ద కథేం లేదు తమ్ముడూ. మా అమ్మ పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళేది. తుఫానుకి కరెంటు లేదు, షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, పని బందు. డ్వాక్రా వాయిదా మాత్రం తుఫానుకి ఎగిరిపోదు కదా. వారం తిరక్కుండా అమ్మ రోడ్ల మీద చెట్లు తొలగించే పనికి వెళ్ళింది.

అందరూ "మీ అమ్మది ఎంత గట్టి గుండె" అంటారు. గుండె కాదు, వాయిదా.

అమ్మ చేతులు చూడాలి మీరు. పిక్క నుంచి కారే రసం తగిలి తోలు ఊడిపోయి ఉంటుంది, బూడిద రాసుకునేది. ఆ చేతులకి రంపం ఏం లెక్క అనేది నవ్వుతూ. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చదు.

---

విజీనగరం సైన్సు మాస్టారు | 10 ఆగస్టు, ఉదయం 6:31

బాబూ, మంచి ప్రశ్న వేశావు. నేను రిటైరైన ఫిజిక్సు మాస్టారిని. ఇంగ్లీషులో రెజిలియెన్స్ అంటున్నారు కదా ఈ మధ్య ప్రతిదానికీ, దానికి మన పుస్తకాల్లో "స్థితిస్థాపకత" అని రాస్తున్నారు. ఈ మాట మేము ఎనిమిదో పాఠంలో చెప్పేవాళ్ళం. తీగకి బరువు కడితే సాగుతుంది, బరువు తీస్తే మళ్ళీ మొదటి పొడవుకి వస్తుంది. పిల్లలందరూ రబ్బరుకి ఎక్కువ స్థితిస్థాపకత అనుకుంటారు. పరీక్షలో ఏటా అదే తప్పు. ఉక్కుకి ఎక్కువ. ఎందుకంటే రబ్బరు సాగినంత సాగాలంటే ఉక్కుకి చాలా ఎక్కువ బరువు కట్టాలి.

అయితే అదే పాఠంలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. స్థితిస్థాపక అవధి అని. అది దాటాక బరువు తీసేసినా తీగ వెనక్కి రాదు. మనుషుల్ని ఈ మాటతో పొగిడేవాళ్ళు ఆ రెండో వాక్యం కూడా చదవాలని నా కోరిక.

మన వాడుకలో మంచి మాటలే ఉన్నాయి. తట్టుకోవడం వేరు, కోలుకోవడం వేరు, నిలదొక్కుకోవడం వేరు. దెబ్బ పడుతున్నప్పుడు తట్టుకుంటాం. పడ్డాక కోలుకుంటాం. కాలు జారుతున్న చోట నిలదొక్కుకుంటాం. మూడింటినీ ఒకే మాటలో కలిపేస్తే ఏది ఎవరికి కావాలో తెలియకుండా పోతుంది.

హుద్‌హుద్‌కి (2014 అక్టోబరు 12, ఆదివారం) మా వీధిలో మొదట లేచింది పాలవాడు. ఇంతే నాకు గుర్తు. చెట్లన్నీ రోడ్ల మీద ఉండగా సైకిలు భుజాన వేసుకుని, క్యానుతో వచ్చాడు. ధర పెంచలేదు.

---

బొబ్బిలి రాజు కాదు బంటు | 10 ఆగస్టు, ఉదయం 8:15

మాస్టారూ, మీ పాలవాడికి దండం. మా వీధిలో అగ్గిపెట్టె పది రూపాయలకి అమ్మినవాడు ఉన్నాడు. వాడు కూడా "లేచాడు" లెండి, అందరికన్నా ముందే.

---

గరికపరక | 10 ఆగస్టు, మధ్యాహ్నం 12:40

నాకు ఈ చర్చ మీద కొంచెం కోపంగా ఉంది, ముందే చెప్తున్నా.

ఏ తుఫాను వచ్చినా టీవీ వాళ్ళు ఒకే మాట. సిక్కోలు జనం ఎంతకైనా తట్టుకుంటారు, కష్టం వీళ్ళకి అలవాటే. పొగడ్తలాగే ఉంటుంది. దాని అడుగున ఉన్నది ఏమిటంటే, వీళ్ళకి తక్కువ ఇచ్చినా నడుస్తుంది అని. 2013 అక్టోబరు 12 ఫైలిన్, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ, 2021 సెప్టెంబరు 26 గులాబ్. ఎనిమిదేళ్ళలో నాలుగు. అలవాటు కాక ఏమవుతుంది?

మా నాన్న కౌలు రైతు. కొబ్బరి, జీడి తోట కౌలు. కొబ్బరి చెట్టుకి 1500 చొప్పున పరిహారం ఇచ్చారు కదా. అది ఎవరికి ఇచ్చారు? పాసు పుస్తకం ఎవరిదైతే వాళ్ళకి. మా నాన్న ముందుగానే కౌలు డబ్బు కట్టేశాడు, పంట పోయింది, చెట్లు పోయాయి. పేరు జాబితాలో లేదు. ఆఫీసుకి తిరిగితే "చెట్టు మీది కాదు కదా" అన్నారు. నిజమే, చెట్టు మాది కాదు. నష్టం మాత్రం మాది. భూస్వామి చెడ్డవాడేం కాదు, అందులో కొంత ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. అడిగి తీసుకున్నట్టే ఉంది తప్ప మా డబ్బు మాకు వచ్చినట్టు లేదు.

మా ఇంట్లో మొదట లేచింది ఎవరో కూడా చెప్తాను. మా అన్న. లేచి, బట్టలు సర్దుకుని, చెన్నై రైలెక్కాడు. బిల్డింగ్ పనికి. ఇంకా అక్కడే ఉన్నాడు. దీన్ని కూడా నిలదొక్కుకోవడం అంటారా?

---

ఉద్దానం కుర్రోడు | 10 ఆగస్టు, మధ్యాహ్నం 1:20

గరికపరక గారూ, మీ కోపం న్యాయం. నేను పొగడమని ఈ చర్చ పెట్టలేదు. మా నాన్న కాగితంలో సంఘాలూ లీడర్లూ ఎవరూ లేరు. ఆ పదకొండు మంది చేసిన పనులు నాకు ఒక్కొక్కటే తెలుస్తున్నాయి. గట్టు తగాదా ఉన్న చిన్నాన్న తన రంపం మిషన్ తెచ్చి, మా నాన్నతో ఒక్క మాట మాట్లాడకుండా, మా దారి మీద పడ్డ చెట్లు కోసి వెళ్ళిపోయారట. సాయంత్రం వచ్చి గట్టు సంగతి అలాగే ఉంది, అది వేరు అన్నారట.

---

స్తంభం ఎక్కిన మనిషి | 10 ఆగస్టు, రాత్రి 9:48

తమ్ముడూ, మీ పొడుగు కడప లైన్‌మేన్‌ని నేను కాదు. నేను పొట్టి, మాది గజపతినగరం వైపు. కానీ ఆ నెల నేనూ మందస, వజ్రపుకొత్తూరు మధ్య పని చేశాను కాబట్టి రాస్తున్నా.

ఎక్కడెక్కడి జిల్లాల నుంచో మా డిపార్టుమెంటు వాళ్ళని పిలిపించారు. స్తంభాలు విరిగినవి కొన్ని, వైరు మీద చెట్టు పడి వంగినవి కొన్ని. లారీ పోయే దారి ఉంటే గొయ్యి తీసి స్తంభం నిలబెట్టడానికి ఎంతసేపు! దారి లేదు. స్తంభాన్ని తోటల్లోంచి మనుషులే మోశారు. ఊరి వాళ్ళే. ఒక్కో స్తంభానికి ఇరవై మంది పైనే, "ఐలేసా" అనుకుంటూ. మాకు కూలీలు దొరక్కపోతే ఊళ్ళో కుర్రాళ్ళు జట్లు కట్టుకున్నారు. ముందు ఏ వీధికి లైను ఇవ్వాలి అనే దగ్గర మాత్రం గొడవలు అయ్యాయి. అది దాచితే పాపం.

మాకు తినడానికి హోటళ్ళు లేవు. పైకప్పు ఎగిరిపోయిన ఇంట్లో ఒకావిడ మా ఆరుగురికి చోడి (రాగి) అంబలి, పచ్చిమిరపకాయ ఇచ్చింది. "అన్నం లేదు బాబూ, ఏటనుకోకండి" అంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్నో చోట్ల తిన్నాను. ఆవిడ ఊరి పేరు తెలుసు గానీ ఇంటికి మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు. మీ నాన్నగారు కాగితం రాశారు, నాకు ఆ పని చెయ్యాలని ఏడేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

మీ "జనరేటరు బాబు" లాంటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. కరెంటు లేక మోటార్లు ఆడవు, ట్యాంకులు నిండవు. జనరేటరుని ట్రాక్టరు మీద వేసుకుని ఊరూరా తిరిగి, గంటసేపు మోటారుకి పెట్టి ట్యాంకు నింపి ఇంకో ఊరు వెళ్ళేవారు. డీజిలు డబ్బులు ఊరు వేసుకునేది.

---

సైకాలజీ సాయి | 11 ఆగస్టు, ఉదయం 10:05

నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్తాను. ఈ విషయం మీద ఒక పెద్ద పరిశోధన ఉంది, ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నా. హవాయిలో కవాయి అనే ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ, ఆవిడ బృందం దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో తాగుడు, గొడవలు ఇలా అన్నీ కలిసిన పిల్లల్లో సుమారు మూడో వంతు మంది బాగా పైకొచ్చారు. ఎందుకా అని చూస్తే, వాళ్ళకి ఎవరో ఒక పెద్ద మనిషి అండగా ఉన్నారు. అమ్మానాన్నే కానక్కర్లేదు. నాన్నమ్మ, మాస్టారు, పక్కింటావిడ.

ఇంకొకటి డేనియల్ ఆల్డ్రిచ్ అనే ఆయన చూసింది. 1995 జపాన్ కోబె భూకంపం, 2004 సునామీ తర్వాత మన తమిళనాడు. ఊళ్ళో మనుషుల మధ్య అల్లిక గట్టిగా ఉన్న చోట కోలుకోవడం త్వరగా జరిగింది. అయితే అదే అల్లిక బయట ఉన్నవాళ్ళని బయటే ఉంచేసింది. తమిళనాడులో కుల పంచాయతీల ద్వారా సాయం వచ్చినప్పుడు దళితులు, ఒంటరి ఆడవాళ్ళ పేర్లు జాబితాలకి చేరలేదు. గరికపరక గారు చెప్పింది దాదాపు ఇదే.

---

బొబ్బిలి రాజు కాదు బంటు | 11 ఆగస్టు, ఉదయం 10:31

మన నాన్నమ్మ సంగతి తెలుసుకోవడానికి హవాయి దాకా వెళ్ళి 698 మందిని లెక్కపెట్టారా సార్!

---

సైకాలజీ సాయి | 11 ఆగస్టు, ఉదయం 10:40

నవ్వండి. లెక్కపెట్టకపోతే "వాడి గుణమే అంత, గట్టి పిండం" అని పిల్లాడి మీదకి తోసేస్తారు. లెక్కపెట్టారు కాబట్టే పక్కన ఎవరున్నారు అన్న ప్రశ్న వచ్చింది.

---

ఒడ్డు మనిషి | 11 ఆగస్టు, రాత్రి 8:55

మాది ఎచ్చెర్ల మండలం, సముద్రం పక్క. మా దగ్గర చేపల వేటకి గుజరాత్ వెరావల్ వెళ్తారు. ఇక్కడ జెట్టీలు లేవు, పెద్ద బోట్లు లేవు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మిగతా నెలల్లో కూడా ఇక్కడ వేట కూడుకి చాలదు. అందుకే ఆగస్టులో రైలెక్కితే మళ్ళీ ఎండాకాలానికే ఇల్లు.

2018 చివర్లో మన వాళ్ళు ఇరవై మంది దాకా పాకిస్తాన్ వాళ్ళకి దొరికిపోయారు. సముద్రంలో సరిహద్దు గీత దాటారని. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. 14 నెలలకి దగ్గర. మగవాళ్ళ గురించి పేపర్లలో వచ్చింది. ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళ గురించి నేను రాస్తా.

మా పక్క ఇంట్లో ఒకామె, నాకు వరసకి అప్ప. భర్త, తమ్ముడు ఇద్దరూ జైల్లో. తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరుగుతోంది. పెద్దగుంటకి (పెద్దమ్మాయికి) పెళ్ళి సంబంధం వచ్చి వెనక్కి పోయింది. మొదటి నెల ఏడిచింది. రెండో నెల తట్ట ఎత్తుకుంది. ఒడ్డున చేపలు కొని, తెల్లారి ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్ళి అమ్మడం. ఇంతకు ముందు ఎప్పుడూ చెయ్యలేదు. మొదటి రోజు ధర చెప్పడానికి గొంతు రాలేదంట. పక్కన కూర్చున్న ముసలావిడ ఈమె చేపలకి కూడా తనే ధర అరిచి అమ్మిపెట్టిందంట. వాళ్ళిద్దరికీ ముందు పరిచయం లేదు. పైగా పోటీ వ్యాపారం.

బావ తిరిగొచ్చాక ఊరంతా దండలేశారు. మూడు నెలలు తిరక్కుండా కరోనా. ఆ ఏడు వెరావల్‌లో మనవాళ్ళు వేల మంది ఇరుక్కుపోతే బస్సుల్లో తీసుకొచ్చారు, గుర్తుందా. బావ మళ్ళీ వేటకి వెళ్తానంటే అప్ప ఒక్కటే అంది, "ఎల్లు. ఈసారి నా తట్ట నేను దించను." ఇప్పటికీ అమ్ముతోంది.

---

కాశీబుగ్గ అమ్మాయి | 11 ఆగస్టు, రాత్రి 9:20

మీ అప్పకి నా నమస్కారం చెప్పండి అన్నయ్యా. మా అమ్మకి చదివి వినిపించాను. "అది నయం, నాకు తట్ట పెట్టుబడి కూడా లేకపోయింది" అంది.

---

సోంపేట కమలాక్షి | 12 ఆగస్టు, ఉదయం 7:10

మధ్యలో వేరే ప్రశ్న, క్షమించండి. మా కొత్త కొబ్బరి మొక్కలకి తెల్లదోమ పట్టింది, ఆకుల మీద నల్లగా మసిలా ఉంది. మందు కొట్టాలా?

---

ఉద్దానం కుర్రోడు | 12 ఆగస్టు, ఉదయం 7:45

కమలాక్షి గారూ, ఘాటు మందులు కొట్టకండి, దోమని తినే మిత్రపురుగులు కూడా చచ్చిపోతాయి. నీళ్ళు గట్టిగా ఆకుల అడుగున పిచికారీ చెయ్యండి, వేపనూనె కలుపుకోవచ్చు. తోటలో పాత మొద్దులు కుళ్ళుతూ ఉంటే ముందు అవి తీయించండి. కొమ్ము పురుగు వాటిలోనే గుడ్లు పెడుతుంది. తిత్లీ తర్వాత మేం చేసిన పెద్ద తప్పు అదే, డబ్బుల్లేక మొద్దులు నెలల తరబడి అలాగే వదిలేశాం. మొదట వేసిన మొక్కల్లో సగం పురుగు తినేసింది. ఈ 64 రెండో విడతవి.

---

జూట్ మిల్లు కొడుకు | 12 ఆగస్టు, రాత్రి 11:32

మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకున్నా. లేచినవాళ్ళ గురించే అడిగారు. లేవని మనిషి గురించి రాయొచ్చా?

విజయనగరం జిల్లాలో జూట్ మిల్లుల సంగతి మీకు తెలుసు. గోగు పంట, నార, మిల్లు, మిల్లు చుట్టూ క్వార్టర్లు, టీ కొట్లు. మా నాన్న మిల్లులో 22 ఏళ్ళు చేశారు. సైరన్‌తో లేచేవారు, సైరన్‌తో భోజనం. ఒక రోజు గేటుకి నోటీసు. లాకౌట్. నెల అన్నారు, మూడు నెలలు అన్నారు, తెరిచారు, మళ్ళీ మూశారు.

తుఫానుకి అందరి చెట్టూ పడుతుంది. అందరూ ఒకేసారి బయటకి వస్తారు. లైన్‌మేన్ వస్తాడు, జనరేటరు వస్తుంది, టీవీ వస్తుంది. గేటుకి తాళం పడితే ఎవరూ రారు. ఎవరింట్లో వాళ్ళు తలుపు వేసుకుంటారు. నాన్నతో పనిచేసిన వాళ్ళు కొందరు ఆటో కొనుక్కున్నారు, కొందరు విశాఖలో సెక్యూరిటీ గార్డులయ్యారు. నాన్న రోజూ ఉదయం సైరన్ వేళకి లేచి, గడ్డం గీసుకుని, ఖాకీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చునేవారు. పదకొండేళ్ళు అలాగే. ఎవరైనా పని ఉందంటే "మిల్లు తెరుస్తారు, అప్పుడు నన్ను పిలుస్తారు" అనేవారు. తిట్టేవాళ్ళం. సోమరి అన్నాం. నేనే అన్నాను, అందరికన్నా ఎక్కువ.

ఆయన పోయారు. మాస్టారు రాసిన ఆ రెండో వాక్యం, అవధి అన్నది, చదివాక కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

---

విజీనగరం సైన్సు మాస్టారు | 13 ఆగస్టు, ఉదయం 5:50

నాయనా, మీ నాన్నగారు రోజూ గడ్డం గీసుకున్నారు అన్నావు. పదకొండేళ్ళు. దాన్ని ఏమనాలో నా పాఠంలో మాట లేదు. ఉక్కు, రబ్బరు అని పెద్ద కబుర్లు చెప్పాను. తీగకి బరువు కట్టేది కూడా ఎవరో ఒకరు ఉంటారు కదా, ఆ సంగతి అస్సలు చెప్పలేదు.

---

ఏఎన్ఎమ్ అక్క | 13 ఆగస్టు, ఉదయం 9:15

మిల్లు కొడుకు గారూ, ఒక్క మాట. అలా ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చోవడం సోమరితనం కాకపోవచ్చు. డిప్రెషన్ అలాగే ఉంటుంది చాలాసార్లు, ముఖ్యంగా మగవాళ్ళలో. అప్పట్లో అడగడానికి చోటు లేదు. ఇప్పుడు టెలి మానస్ అని ప్రభుత్వ ఫోను లైను ఉంది, 14416. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరు రాత్రి పదకొండున్నరకి రాశారు కాబట్టి మీకోసం కూడా చెప్తున్నా. ఏమీ అనుకోకండి.

---

జూట్ మిల్లు కొడుకు | 13 ఆగస్టు, మధ్యాహ్నం 2:02

అనుకోను అక్కా. సేవ్ చేసుకున్నాను.

---

వారానికి మూడు | 13 ఆగస్టు, సాయంత్రం 6:30

నా పేరు చూస్తే ఉద్దానం వాళ్ళకి అర్థమవుతుంది. మంగళ, గురు, శని పలాసలో డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. ఇప్పుడు అదే పనిగా కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టారు (2023 డిసెంబరులో తెరిచారు), మంచి నీళ్ళకి హిరమండలం నుంచి పైపులేశారు. అంతకు ముందు పెద్ద వైద్యం కావాలంటే విశాఖ వెళ్ళాల్సి వచ్చేది. పింఛను నెలకి పది వేలు. వీటికోసం ఎన్నేళ్ళు అరిచామో మాకు తెలుసు. మా ఉద్దానంలో ఇంతమందికి వచ్చే ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేదు. నీళ్ళా, ఎండలో పనా, మందులా, అన్నీ కలిసా.

మా ఊళ్ళో "బాగున్నావా" అని అడగరు. "క్రియాటినిన్ ఎంత?" అని అడుగుతారు, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష లెక్క అది. పెళ్ళిచూపుల్లో కూడా.

లేవడం అంటే నాకు మంచం మీద పడుకోవడమే. వారానికి మూడుసార్లు వెళ్ళి పడుకుంటేనే నాలుగో రోజు లేస్తా. తోట మధ్యలో ఇల్లు, బొండం నీళ్ళు మాత్రం తాగకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ, మా కిడ్నీలు దాన్ని బయటకి పంపలేవు. ఎండలో దాహం వేసినప్పుడు చెట్టు పైకి చూస్తే నవ్వొస్తుంది.

అసలు రాయడానికి వచ్చింది వేరు. కుర్రోడా, మీ జనరేటరు బాబు, ట్రాక్టరు ఎర్ర రంగుదా? మాట్లాడితే "అవునా కాదా" అంటాడా? మా బ్యాచ్‌లో ఒకాయన ఉన్నాడు. తిత్లీలో ట్యాంకులు నింపిన సంగతి డయాలసిస్ చేస్తుండగా వంద సార్లు చెప్పాడు. మేం నమ్మలేదు.

---

ఉద్దానం కుర్రోడు | 13 ఆగస్టు, సాయంత్రం 6:41

ఎర్రదే!! "అవునా కాదా" కూడా నిజమే, నాన్న ఇప్పుడే అనుకరించి చూపించారు. అన్నా, మీకు మెసేజ్ పెడుతున్నా.

---

నిర్వాహకులు | 13 ఆగస్టు, రాత్రి 9:00

ఫోన్ నంబర్లు, ఊళ్ళ పేర్లు వ్యక్తిగత సందేశాల్లో పెట్టుకోండి. పరిహారాల మీద పార్టీల గొడవగా మారిన ఏడు వ్యాఖ్యలు తీసేశాం. గరికపరక గారి పోస్టు తీసెయ్యమని కొందరు అడిగారు. తీయం.

---

గరికపరక | 13 ఆగస్టు, రాత్రి 10:15

థ్యాంక్స్. కుర్రోడు గారూ, ఒకటి అడగొచ్చా. ఆ పదకొండు మందిలో కౌలు రైతులు, కూలీలు ఎవరైనా ఉన్నారా?

---

ఉద్దానం కుర్రోడు | 14 ఆగస్టు, ఉదయం 6:20

అడిగాను. నాన్న కాసేపు ఆలోచించారు. మొద్దులు లాగడానికి వచ్చిన ఇద్దరున్నారు, కూలి డబ్బులు తర్వాత ఇచ్చినా పర్వాలేదన్నవాళ్ళు. వాళ్ళని కాగితంలో రాయలేదు. "కూలి ఇచ్చేశాను గదరా" అన్నారు. తర్వాత ఆయనే రాయమన్నారు. పదమూడు.

---

ఉద్దానం కుర్రోడు | 18 ఆగస్టు, రాత్రి 10:30

నిన్న ఆదివారం భోజనాలయ్యాయి. శనివారం డయాలసిస్ కాబట్టి ఆదివారమే పెట్టాం. పదమూడు మందిలో తొమ్మిది మంది వచ్చారు. కూలీ ఇద్దరిలో ఒకాయన విజయవాడలో పనిలో ఉన్నారు, రాలేకపోయారు. కడప లైన్‌మేన్ దొరకలేదు. స్తంభం అన్నా, మిమ్మల్ని ఆయన బదులు పిలిచాం, మీరు డ్యూటీ అన్నారు, ఈసారికి వదిలేశాం. చిన్నాన్న వచ్చారు, పనసకాయ కూర రెండు సార్లు వేయించుకున్నారు, వెళ్తూ వెళ్తూ గట్టు మీద రాయి కదిలింది ఎవరు కదిపారని అడిగారు. నాన్నకి బీపీ పెరిగింది.

జనరేటరు బాబు మనవడిని వెంటేసుకుని వచ్చారు. సన్నగా అయిపోయారు, చెయ్యి మీద డయాలసిస్ సూది గుచ్చే నరం, ఫిస్టులా, ఉబ్బి ఉంది. అమ్మ ఆయనకి ఉప్పు తక్కువ వేసి విడిగా వండింది. నాన్నకి మాత్రం నేను చెప్పడం మర్చిపోయాను. ఆయన రాగానే నాన్న కొత్త చెట్టు బొండం కొట్టి రెండు చేతులతో పట్టుకెళ్ళి ఇచ్చారు. నేను ఆపేలోగా ఆయన అందుకున్నారు. ఏమీ అనలేదు. మనవడికి తాగించారు. తర్వాత ఆ ఖాళీ బొండాన్ని రెండుగా చీల్చమని, లోపల లేత కొబ్బరిని గోటితో గీకి చూశారు.

"పల్చగుంది. ఇంకో రెండేళ్ళకి గట్టి కాయ వస్తాది, అవునా కాదా?" అన్నారు నాన్నతో.